విజయనగరంలో మంచు గెంతులు

విజయనగరం అనగానే మీకు ఏం గుర్తుకొస్తాయి? పైడితల్లి అమ్మవారి సిరిమాను, కోట, గంటస్తంభం, గురజాడ వారి ఇల్లు, సంగీత కళాశాల... అంతే కదూ! మంచు మీద జారుతూ గెంతే ఆట గుర్తొచ్చిందని ఎవరైనా అంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే. కానీ మొన్న డిసెంబరులో మా మనవరాలి పుణ్యమా అని ఆ గెంతుల వెంట ఊరంతా తిరిగాను. పుట్టి పెరిగిన ఊరే నాకు కొత్తగా కనిపించింది. ఆ కబుర్లు మీతో చెప్పుకోవాలనిపించింది.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది అమెరికాలో, న్యూజెర్సీలో. మనవరాలికి తొమ్మిదేళ్ళు. మన పిల్లలు సంగీతమో, కూచిపూడో నేర్చుకున్నట్టు అది ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఈ ఆటకి అక్కడ మెట్టు మెట్టుకీ పరీక్షలుంటాయి. నవంబరులో పరీక్షకి వెళ్ళి, 'సాల్కౌ' అనే గెంతు దగ్గర రెండుసార్లు కూలబడింది. కాగితం మీద 'రీట్రై' అని రాసిచ్చారు. అంటే మళ్ళీ ప్రయత్నించమని. ఫెయిల్ అనే మాట అక్కడ రాయరట. రాయకపోతేనేం, పిల్ల మాత్రం ఫెయిలయ్యాననే అనుకుంది. అప్పట్నుంచి గెంతమంటే చాలు, కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతోందట.

"అమ్మా, ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష. మంచు లేకపోయినా రోజూ కాసేపు నేల మీద గెంతులు వేయించమని కోచ్ కాగితం రాసిచ్చింది. దీన్ని దారిలో పెట్టడం నీ వల్లే అవుతుంది" అని రైలు దిగుతూనే మా అమ్మాయి నా చేతిలో ఆ కాగితం పెట్టింది. నాకా, గెంతులంటే తెలిసినవి తొక్కుడుబిళ్ళ గెంతులే. అదీ పన్నెండో ఏట మా మామ్మ మానిపించేసింది. "పెద్దదానివయ్యావు, ఇంక గెంతకు" అంది. ఆ తర్వాత నేను గెంతిందీ లేదు. పైగా రెండేళ్ళ కిందట పెరట్లో జారి పడ్డాక, మెట్లు దిగాలన్నా గోడ పట్టుకుంటున్నాను. గెంతడానికి భయపడే పిల్లకి, దిగడానికి భయపడే అమ్మమ్మ తోడు!

డాబా మీద ముగ్గు

మొదటి రోజు పొద్దున్నే డాబా ఎక్కాం. ధనుర్మాసం మొదలైంది, వీధంతా ముగ్గులు. మంచు దట్టంగా కురుస్తోంది. "అదిగో, మా ఊళ్ళోనూ మంచు ఉంది" అన్నాను. "ఇది కాదు అమ్మమ్మా, గట్టి మంచు కావాలి" అని పకపకా నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు.

"ఇంతకీ నువ్వు పడిపోయిన గెంతు ఎలా ఉంటుందో గీసి చూపించు" అని ముగ్గుడబ్బా చేతికిచ్చాను. అది కూర్చుని తిన్నగా మూడు అంకె గీసింది. అప్పుడు చెప్పింది నాకు అసలు సంగతి. స్కేటు కింద ఉండే బ్లేడుకి నిలువునా సన్నటి గాడి ఉంటుందట. ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు, లోపలి అంచు, బయటి అంచు. మన కత్తిపీటకి ఒకటే అంచు, దీనికి రెండన్నమాట. ఏ అంచు మీదికి ఒరిగితే ఆ వైపుకి వంపు తిరుగుతుంది. ఆ వంపులు మంచు మీద గీతలుగా పడతాయి. ఫిగర్ స్కేటింగ్‌కి ఆ పేరు వచ్చింది కూడా ఆ గీతల వల్లే. ఎనిమిది అంకెల్లాంటివి మంచు మీద దిద్ది దిద్ది చూపించడం ఒకప్పుడు పోటీల్లో పెద్ద భాగం. 1990 తర్వాతే అంతర్జాతీయ పోటీల్లోంచి దాన్ని తీసేశారు. చూశారా, మనం వాకిట్లో పిండితో చేసే పనే వాళ్ళు మంచు మీద కాలితో చేసేవారు!

ఇక గెంతుల విషయం. పేర్లు వింటే కంగారు పుడుతుంది గానీ, వరస తెలిస్తే మన వంటిల్లంత తేలిక. కుడిచేతి వాటం వాళ్ళలో ఎక్కువమంది గాలిలో ఎడమవైపుకి తిరుగుతారు. అలా తిరిగే పిల్లని మనసులో పెట్టుకుని చదవండి.

మొట్టమొదట నేర్పేది వాల్ట్జ్ జంప్. ఎదురుగా చూస్తూ ఎడమకాలి బయటి అంచు మీద వెళ్ళి, కుడికాలు ముందుకి ఊపి ఎగిరి, గాలిలో సగం చుట్టు తిరిగి, కుడికాలి మీద వెనక్కి జారుతూ దిగాలి. ఆ తర్వాతది మా పిల్లని ఏడిపించిన సాల్కౌ. ముగ్గులో గీసిన మూడు అంకె దీనిదే. మూడు అంకె తిరగ్గానే పిల్ల వెనక్కి జారుతుంటుంది, బరువంతా ఎడమకాలి లోపలి అంచు మీద ఉంటుంది. కుడికాలిని చుట్టూ విసిరి పైకి లేచి, ఒక పూర్తి చుట్టు తిరిగి దిగాలి. టో లూప్‌లో కుడికాలి బయటి అంచు మీద వెనక్కి జారుతూ, ఎడమ స్కేటు ముందున్న పళ్ళని మంచులో గుచ్చి, ఆ ఊతంతో లేవాలి. ఊతం లేకుండా అదే అంచు మీంచి లేస్తే లూప్. ఎడమకాలి లోపలి అంచు మీద ఉండి కుడికాలి పళ్ళు గుచ్చితే ఫ్లిప్, బయటి అంచు మీద ఉండి గుచ్చితే లట్జ్. ఆఖరున ఆక్సెల్. వాల్ట్జ్ జంప్‌లాగే ఎదురుగా చూస్తూ లేచి, ఒకటిన్నర చుట్లు తిరగాలి.

అన్నీ విన్నాక నాకొకటి తట్టింది. "ఒసేయ్, ఎగరడం ఏడు రకాలు. మరి దిగడం ఎన్ని రకాలు?" అని అడిగాను. అది ఆలోచించి, "ఒకటే అమ్మమ్మా! అన్నిటికీ కుడికాలే, బయటి అంచే, వెనక్కే" అంది. "మరింకేం? ఆ ఒక్కటీ నేర్చుకుందాం" అన్నాను.

అయోధ్యా మైదానంలో

రెండు రోజులు డాబా మీద గెంతేసరికి పిల్లకి మోకాళ్ళ కింద నొప్పి మొదలైంది. సిమెంటు నేల గట్టిది, దెబ్బని మింగదు, తిరిగి కాలికే కొడుతుంది. అందుకని మకాం కోట పక్కనున్న అయోధ్యా మైదానానికి మార్చాం. మట్టినేల కాస్త మెత్తన. 1713లో విజయదశమి నాడు ఈ కోటకి శంకుస్థాపన చేశారని చెబుతారు. ఊరి పేరులోనే విజయం ఉంది, నీకేం భయం అని పిల్లని ఊరించుకుంటూ తీసుకెళ్ళేదాన్ని.

కోచ్ కాగితంలో ఉన్నవి పెద్ద విద్యలేం కావు. ముందు ఒంట్లో వేడి పుట్టేదాకా నడక, తర్వాత తాడాట. రెండుకాళ్ళ మీద లేచి రెండుకాళ్ళ మీద దిగడం. ఆ తర్వాత సగం చుట్టు తిరిగి కుడికాలి మీద దిగడం. దిగాక మోకాలు వంగి ఉండాలి, ఎడమకాలు వెనక్కి చాచాలి, చేతులు రెండు పక్కలకి, తల పైకి. అలా కదలకుండా కాసేపు నిలబడాలి. ఈ 'కాసేపు' దగ్గరే పిల్లలు దొంగాటలాడతారు. దిగీ దిగకుండానే రెండోకాలు ఆనించేస్తారు. పరీక్షలో మాత్రం ఆ నిలకడనే చూస్తారట.

మైదానంలో కొంగ్రొత్త వింత చూసినట్టు జనం ఆగి చూసేవారు. రోజూ పూలు తెచ్చే ఆవిడ గంప దించి మరీ అడిగింది. "ఏటమ్మా, ఆడగుంటని అలా గెంతించేత్తన్నారు? కాలిరిగితే ఏటి సేత్తారు?" అని. మా మామ్మే మళ్ళీ వచ్చి అడిగినట్టయింది.

ఆవిడకీ, పిల్లకీ కలిపి ఒక కథ చెప్పాను. మా అమ్మాయి చెప్పగా విన్నదే. 1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీకి మాడ్జ్ సైయర్స్ అనే ఆవిడ పేరిచ్చింది. ఆడవాళ్ళు రాకూడదని నియమాల్లో ఎక్కడా రాయలేదు, వస్తారని ఎవరూ అనుకోకపోవడం వల్ల! మగవాళ్ళందరితో పోటీపడి రెండో స్థానం తెచ్చుకుంది. మొదటి స్థానం ఎవరిదో తెలుసా? ఉల్రిక్ సాల్కౌ అనే స్వీడన్ ఆయనది. 1909లో మా పిల్ల గెంతు కనిపెట్టింది ఆయనే. ఆ పోటీ తర్వాత ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి ఆడకూడదని నియమం పెట్టారు. 1906లో ఆడవాళ్ళకి వేరే పోటీ పెడితే అందులో మొదటి విజేత మళ్ళీ ఆవిడే. 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో తెరెసా వెల్డ్ అనే అమెరికా అమ్మాయి ఇదే సాల్కౌ గెంతింది. మెచ్చుకోవాలా? లంగా మోకాళ్ళదాకా ఎగురుతోందనీ, ఆడపిల్లకి తగదనీ న్యాయనిర్ణేతలు మందలించారు. అయినా ఆ అమ్మాయి కంచు పతకం తెచ్చుకుంది.

పూలావిడ గంప నెత్తినెట్టుకుంటూ, "అయితే ఏ ఊళ్ళో అయినా అంతేనన్నమాట" అని వెళ్ళిపోయింది. మర్నాడు పిల్ల జడకి ఒక మూర కనకాంబరాలు ఊరికే ఇచ్చింది.

నాలుగు అక్షరాల నిలకడ

ఓ సాయంత్రం మహారాజావారి సంగీత కళాశాల వైపు తీసుకెళ్ళాను. 1919లో పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల గారు, సుశీలమ్మ గారు చదువుకున్నది ఇక్కడే. "వాళ్ళూ మొదటిరోజే సినిమాపాట పాడేశారనుకున్నావా? సరళీస్వరాలు, జంటస్వరాలు ఎన్ని వందలసార్లు పాడుంటారో! నీ వాల్ట్జ్ జంప్ సరళీస్వరం, సాల్కౌ జంటస్వరం అనుకో" అన్నాను.

అక్కడే తట్టింది ఇంకో ఉపాయం. ఆదితాళంలో మొదటి భాగం లఘువు. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, మొత్తం నాలుగు అక్షరాలు. పిల్ల దిగగానే నేను తొడ మీద లఘువు వేసేదాన్ని. నా చిటికెనవేలు, ఉంగరంవేలు, మధ్యవేలు లెక్కయ్యేదాకా అది కదలకూడదు. మొదట్లో దెబ్బకే తూలిపోయేది. వారం తిరిగేసరికి నాలుగు అక్షరాలూ నిలబడింది. "ఇంకో లఘువు వెయ్యి అమ్మమ్మా" అనడం మొదలెట్టింది.

కానీ సాల్కౌ మాత్రం గెంతలేదు. వాల్ట్జ్ జంప్ దాకా హుషారుగా వచ్చి, మూడు అంకె తిరగ్గానే ఆగిపోయేది. నేనూ బలవంతం చెయ్యలేదు.

వదిలెయ్యడం ముందు

మా జిల్లాలో నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అని ఒక ఊరుంది. చిన్న పల్లె, కానీ బరువులెత్తే ఆటలో దేశానికి పేరు తెచ్చింది. మత్స సంతోషిది ఆ ఊరే. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. పక్కనే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సంగతి మీ అందరికీ తెలిసిందే. 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది.

ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్ళాం. బరువులెత్తే ఒక అమ్మాయి, పదిహేనేళ్ళుంటాయేమో, మా పిల్లతో కబుర్లు పెట్టుకుంది. "నీకు భయమెయ్యదా, మీద పడిపోతే?" అని మాది అడిగింది. ఆ అమ్మాయి నవ్వి, "ముందు మాకు నేర్పేది పడెయ్యడమే. రాడ్డు చేతిలోంచి ఎప్పుడొదలాలో, మనం ఏవైపు తప్పుకోవాలో తెలిస్తే, ఇంక ఎత్తడానికి భయమెందుకు?" అంది.

తిరుగుదారిలో పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పరుపు లాగి హాల్లో వేయమంది. దాని మీద పడడం మొదలెట్టింది! వాళ్ళ కోచ్ ఎప్పుడో నేర్పిందేనట. పడబోతున్నామని తెలియగానే మోకాళ్ళు వంచి కిందికి తగ్గిపోవాలి. తిన్నగా వెనక్కి కాకుండా పక్కకి, తుంటి మీదికి ఒరగాలి. చేతులు బిగదీసి నేలకి ఆనిస్తే మణికట్టు పోతుంది. పడ్డాక వేళ్ళు గుప్పిట్లో దాచుకోవాలి, పక్కన వెళ్ళేవాళ్ళ బ్లేడు కింద పడకుండా. తర్వాత మోకాళ్ళ మీదికొచ్చి, ఒక పాదం ఆనించి, రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టి లేవాలి. ఆ సాయంత్రం ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. పడ్డ ప్రతిసారీ నవ్వే.

చక్రాల మీద

మన రాష్ట్రంలో పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా చక్రాల స్కేటింగే. మంచు రింకు కోసం మన దేశంలో సిమ్లాయో, డెహ్రాడూనో వెళ్ళాలి. కానీ చక్రాల మీద కూడా ఇవే గెంతులు ఉన్నాయని మీకు తెలుసా? దాన్ని ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. సాల్కౌ, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్ అన్నీ ఉంటాయి. బ్లేడు పళ్ళకి బదులు స్కేటు ముందు రబ్బరు బిరడా ఉంటుంది. మన హైదరాబాదు అబ్బాయి అనూప్ కుమార్ యామ 2010లో చైనాలో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ ఆటలో రెండు కంచు పతకాలు తెచ్చాడు. ఒకటి ఒంటరిగా, ఒకటి అవనీ పంచాల్ అనే అమ్మాయితో జంటగా. 2015లో అర్జున అవార్డు కూడా అందుకున్నాడు.

విశాఖలో చక్రాల రింకు ఉందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున్నే రైలెక్కాం. విజయనగరం నుంచి గంట ప్రయాణం. రింకు నిండా పిల్లలు. శిరస్త్రాణాలు, మోకాలి తొడుగులు, మణికట్టు పట్టీలు. గట్టు మీద తల్లులు టిఫిను డబ్బాలతో. అచ్చం మన పరీక్షాకేంద్రాల బయట కూర్చునేట్టే కూర్చున్నారు. ఒకావిడ, "పడితే నా గుండె ఆగిపోతుందండీ. అందుకే కళ్ళు మూసుకుంటాను" అంది. నేనూ అదే జాతి అని చెప్పాను.

మా పిల్లకి చక్రాలు కొత్త. తొలి పది నిమిషాలు బర్రె మీద కూర్చున్నట్టే ఉంది దాని నడక. తర్వాత కుదురుకుంది. రింకు మూలకి వెళ్ళింది. మూడు అంకె తిరిగింది. కాలు విసిరింది. లేచింది... పడింది. నేను లేవబోయాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టి ఆపింది. పిల్ల పక్కకే ఒరిగింది, గుప్పిళ్ళు బిగించింది, మోకాలి మీద చేతులు పెట్టుకుని లేచింది. మా వైపు చూడను కూడా చూడలేదు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ పడింది. నాలుగోసారి కాలి మీద దిగింది. వంకరగానే అనుకోండి, కానీ దిగింది. నా చెయ్యి దానంతటదే తొడ మీద లఘువు వేసింది. మూడో అక్షరం దాకా నిలబడింది.

మీ పిల్లల కోసం

మీ పిల్లలు స్కేటింగ్ మొదలెడుతుంటే రెండు మూడు మాటలు. బూట్లు రేపటికి పెద్దవుతుందని వదులుగా కొనకండి. మడమ కదిలితే చీలమండ మెలిపడుతుంది. నేల మీద గెంతులు వట్టి కాళ్ళతో వద్దు, ఆటబూట్లు వేయండి. సిమెంటు మీద ఎక్కువసేపు వద్దు. నొప్పి అంటే ఆ రోజుకి ఆపెయ్యండి. కడుపు నిండా తినిపించి పంపకండి. మేమైతే వెళ్ళేముందు ఒక అరటిపండు, వచ్చాక గ్లాసుడు చోడి అంబలి ఇచ్చాం. అమెరికా పిల్ల మొదట మొహం చిట్లించినా, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసిస్తే రెండో గ్లాసు అడిగింది. ఇక అన్నిటికంటే ముఖ్యం, పడగానే పరిగెత్తకండి. లేవడానికి దానికి ఒక నిమిషం ఇవ్వండి. దెబ్బ తగిలితే అదే పిలుస్తుంది.

వాళ్ళు వెళ్ళిపోయి నెల దాటింది. డాబా మీద మూడు అంకె ముగ్గు ఎప్పుడో చెరిగిపోయింది. నేను మాత్రం రోజూ పొద్దున్నే పిట్టగోడ పట్టుకుని, ఒక్క కాలి మీద ఒక లఘువు నిలబడుతున్నాను. ముందు కుడి, తర్వాత ఎడమ. గెంతే వయసు కాదు నాది. నిలబడే వయసు మాత్రం ఇంకా ఉంది. ఈమధ్య మెట్లు దిగేటప్పుడు గోడ మీద చెయ్యి కాస్త తేలిగ్గా ఆనుతోంది.

ఈ కబుర్లు మీరు చదివేసరికి దాని పరీక్ష అయిపోయి ఉంటుంది. పాసో, మళ్ళీ రీట్రైయో ఫోనులో తెలుస్తుంది. ఏదైనా సరే, వచ్చే ఏడు ధనుర్మాసానికి వస్తానంది. అప్పుడు లట్జ్ ఎలా గియ్యాలో ముగ్గు వేసి చూపిస్తుందట. మీరూ విజయనగరం వస్తే కోట, గంటస్తంభం చూసి ఊరుకోకండి. పొద్దున్నే ఒకసారి అయోధ్యా మైదానానికి కూడా రండి. ఊళ్ళోని పిల్లలు ఏదో ఒక ఆటలో గెంతుతూనే ఉంటారు. కాసేపు కూర్చుని, వాళ్ళు దిగడం చూడండి.